మంచినీళ్ళు అడిగే ఉద్యోగం

నేను ఆఖరుగా పనిచేసిన మునిసిపల్ ఆఫీసులో గోడంత టీవీ ఒకటి ఉంది. దానిమీద ఊరి పటం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. ఫిర్యాదు ఉన్న వీధి ఎర్రగా, లేని వీధి పచ్చగా కనబడుతుంది. పైనుంచి ఎవరొచ్చినా ముందు దాని ఎదురుగా కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. ఆ టీవీని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ నాలుగు మాటలు ఆ మంటతోనే రాస్తున్నాను. మర్యాద తక్కువైతే సర్దుకోండి.

నేను నీళ్ళ ఇంజినీరును. కర్ణాటక సరిహద్దులో చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల ఊళ్ళలోనే నా సర్వీసంతా గడిచిపోయింది. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ బదిలీ ఆపుకోవడానికి ఎవరి గుమ్మం తొక్కానో మీకు అక్కర్లేదు. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు లాప్‌టాప్ సంచీతో వస్తున్నారు, బూట్లకు బురద అంటకుండా సాయంత్రం ఇంటికి పోతున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. పని అంటే అదేనని వాళ్ళకు నేర్పింది మావాళ్ళే. నేను చూసిన పని ఎలా ఉండేదో వాళ్ళకు ఒకసారి చెప్పి పోదామని రాస్తున్నాను.

మనుషుల పేర్లు మార్చాను. అసలు సంగతి జరిగిన ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊరొక్కటే పాపం చేసిందనుకుని మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతారు.

రామకృష్ణప్ప గారు అడిగిన ప్రశ్న

చేరిన కొత్తలో నన్ను బాగేపల్లి వైపు వేశారు. ఆ నేల సంగతి మీకు తెలిసిందే. వానలు తక్కువ, బోర్లు లోతు, ఎంత తవ్వి నీళ్ళు తెచ్చినా ఉప్పో ఫ్లోరైడో వెంట వస్తుంది. ఒక ఊరికి కొత్తగా గొట్టాలు వేసి నీళ్ళు వదిలాం. జనం ఏమంటున్నారో కనుక్కుని రమ్మని మా పై ఇంజినీరు రామకృష్ణప్ప గారు నన్ను పంపారు. ఆయనది గుడిబండె. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవారు. కోపం వస్తే అందరిలా గొంతు పెంచేవారు కాదు, ఇంకా తగ్గించేవారు.

నేను పాల డెయిరీ దగ్గర నిలబడి వచ్చినవాళ్ళనల్లా అడిగాను. అందరిదీ ఒకటే మాట. "చానా బాగుండాయి స్వామీ." ఒక పెద్ద రైతు నన్ను ఇంటికి పిలుచుకుపోయి, మంచం మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టి, అంగడి నుంచి గోలీ సోడా తెప్పించాడు. నేను ఉబ్బిపోయి తిరిగొచ్చి, జనం దీవిస్తున్నారు సార్ అని చెప్పాను.

"నీళ్ళిచ్చినారా నీకు?" అన్నారు రామకృష్ణప్ప గారు.

"సోడా ఇచ్చినారు సార్."

"సోడా సంగతి అడగలేదు. నీళ్ళు?"

ఇవ్వలేదన్నాను. ఆయన గొంతు తగ్గింది.

"మన పక్క ఇంటికి మనిషి పోతే ముందు ఏమిస్తారయ్యా? చెంబుతో నీళ్ళిస్తారు. పగోడొచ్చినా ఇస్తారు. నీకు సోడా తెప్పించినారంటే, ఆ నీళ్ళు నీ నోట్లో పోసేదానికి వాళ్ళకు మనసు రాలేదని అర్థం. పో, మళ్ళా పో. లైను ఆఖర్న ఉండే ఇంటికి పోయి నీళ్ళడుగు."

మళ్ళీ పోయాను. ఆఖరి ఇంట్లో ఒక ముసలామె వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ ఉంది. దాహంగా ఉంది, నీళ్ళివ్వమ్మా అన్నాను. ఆమె లేచి లోపలికి పోబోయి ఆగింది. "ఆ నీళ్ళు మీరు తాగేటివి కాదు నాయనా, ఒకటే ఉప్పు. ఉండండి, మజ్జిగ తెస్తా" అంది.

"మరి పొద్దున అందరూ బాగుండాయన్నారే?"

ఆమె నా తెలివికి నవ్వింది. "ఇంత దూరం మా కోసరం వచ్చినారు. మొగం మింద బాగలేదని ఎట్లా చెప్పేది? మీకు కోపమొచ్చి ఆ ఉండేది కూడా నిలిపేస్తే మేము యాడికి పోవల్ల?"

కాలేజీలో చదివిన నాలుగేళ్ళ చదువు ఒకెత్తు, ఆ ముసలామె మాట ఒకెత్తు. ప్రభుత్వం మనిషి ఎదురుగా నిలబడి "ఎలా ఉంది" అని అడిగితే మన పక్క జనం బాగుందనే అంటారు. సగం మర్యాద, సగం భయం. అందుకని నేను ఆ ప్రశ్న అడగడమే మానేశాను. ఏ ఊరికి పోయినా లైను ఆఖరి ఇల్లు వెతుక్కుని పోయి నీళ్ళడిగేవాణ్ణి. చెంబు చేతికి వస్తే నా పని సగం అయినట్టు. సోడానో మజ్జిగో వస్తే గొట్టంలో ఏదో ఉన్నట్టు. ఇంత చవకైన పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు.

ఆ ఊరికి రామకృష్ణప్ప గారు పోరాడి వేరే బోరు నుంచి నీళ్ళు తెప్పించారు. నన్ను తిట్టలేదు. ఒక్క మాట అన్నారు: "మెచ్చుకునేవాళ్ళను నమ్మొద్దప్పా, తిట్టేవాళ్ళను ఇంటికి పిలిచి కాఫీ ఇయ్యి."

బిందెలు

తిట్టేవాళ్ళను చూడాలంటే చింతామణికి పోవాలి. అక్కడ నేను పనిచేసిన కాలంలో నీళ్ళు రాకపోతే ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తీసుకుని ఆఫీసుకు వచ్చేవాళ్ళు. మెట్ల మీద బిందెలు బోర్లించి వాయించేవాళ్ళు. మా గుమస్తాలు వెనక తలుపు వెతుక్కునేవాళ్ళు. నేను ముందు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. గొప్పతనం చెప్పుకోవడం లేదు, నాకు అందులో లాభం ఉండేది.

ఆ గుంపు నా ఇంజినీరింగ్ మ్యాపు. ముందు వరసలో ఏ వీధివాళ్ళున్నారో, ఎవరు ఊరికే తోడు వచ్చారో, ఎవరి బిందె అడుగున ఎర్రమట్టి పేరుకుందో చూస్తే ఏ వాల్వు చెడిందో కూర్చున్నచోటే తెలిసిపోయేది. ఒకామె నన్ను నానా మాటలూ తిట్టి, అలిసిపోయి, చివరికి "పొద్దున ఏమన్నా తిన్నావా లేదాప్పా" అని అడిగింది. మన జనం కోపం అలాంటిది. బిందె వాయించినంతసేపే ఉంటుంది. పని చేస్తే మర్నాడు ఉండదు.

ఇంతకన్నా మంచి జనభాగస్వామ్యం నేను చూడలేదు. బిందెలతో వచ్చిన వీధిని చూసి భయపడకండి. రాని వీధిని చూసి భయపడండి. నోరున్న వీధికి నీళ్ళు ఎలాగో వస్తాయి.

ఊరు తెలివైనదైంది

తర్వాత కాలం మారింది. పెద్ద నగరాలను స్మార్ట్ చేస్తున్నారు, మన ఊళ్ళు ఏం పాపం చేశాయి అన్నారు. రిటైరు కావడానికి కొద్దికాలం ముందు నేను పనిచేస్తున్న ఊరికి కూడా ఒక పథకం వచ్చింది. చిక్కబళ్ళాపురంలో చల్లటి హాల్లో మా అందరినీ కూర్చోబెట్టి బెంగుళూరు కంపెనీవాళ్ళు బొమ్మలు వేసి చూపించారు. ఓవర్‌హెడ్ ట్యాంకుకు సెన్సారు పెడతారు. ప్రతి పౌరుడి చేతిలో యాప్ ఉంటుంది. సమస్య ఉంటే ఫొటో తీసి పెడతాడు, సమస్య తీరాక నక్షత్రాలు ఇస్తాడు. ఎవరూ ఎండలో ఆఫీసుకు రానక్కర్లేదు.

చెప్పిన కుర్రవాడు మంచివాడే. మర్యాదస్థుడు, పని తెలిసినవాడు. నేను లేచి, "బాబూ, సెన్సారు ట్యాంకు దగ్గరుంది. జనం తాగేది లైను చివర. ఈ రెండింటి మధ్య ఊరంత మురుగుకాలవ ఉంది. అక్కడేముంది?" అని అడిగాను.

"అక్కడ పౌరులున్నారు సార్. వాళ్ళే మన సెన్సార్లు" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టారు. నాకూ ఆ మాట బాగానే తోచింది. పౌరుణ్ణి సెన్సారు అన్నవాడు, సెన్సారుకు భయమూ మొహమాటమూ ఉండవని మరిచిపోయాడని నాకు ఇంటికి వచ్చాక తట్టింది.

యాప్ మొదలుపెట్టిన రోజు ప్రతి వీధిలో మైకు తిప్పారు. ఇకమీద బిందెలతో ఆఫీసుకు రావద్దు, అంతా ఫోన్లోనే అన్నారు. ఆఫీసు ముందు మెట్లకు కొత్తగా గ్రానైట్ వేసి గేటు పెట్టారు. నన్ను లైన్ల పని నుంచి తప్పించి ప్రాజెక్టు సెల్ అనే గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఫీల్డుకు పోవాలంటే టికెట్టు ఉండాలి. టికెట్టు అంటే యాప్‌లో పుట్టిన ఫిర్యాదు నంబరు. అది లేకుండా గడ్డపార లేపడానికి వీల్లేదు.

పైన పటారం, లోన లొటారం. గ్రానైట్ మెట్ల కింద నుంచి పోయే గొట్టం మా నాన్న కాలం నాటిది.

పుట్టింటికి వచ్చిన పిల్ల

ఆ ఊళ్ళో ఒక వీధికి మొదట్లో నంజుండ శెట్టి అంగడి ఉంది. కిరాణా అంగడి అనే గానీ ఆ వీధికి అదే కచేరీ. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, గ్యాసు బుక్ చేయాలన్నా, ఆఫీసు నుంచి కన్నడంలో కాగితం వచ్చినా జనం శెట్టి దగ్గరికే పోతారు. ఆయన పప్పు తూస్తూనే ఫోను అందుకుని నంబర్లు నొక్కి ఇస్తాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. వాళ్ళ నాన్న ఉత్తరాలు చదివి పెట్టేవాడట, ఈయన ఓటీపీలు చదివి పెడుతున్నాడు.

ఒకరోజు శెట్టి నాకు ఫోన్ చేశాడు. "అప్పా, మా వీధిలో నీళ్ళు కంపు కొడతాండాయి. యాప్‌లో పెట్టినాము. ఇప్పుడు యాప్‌లో నా నంబరునే కట్టేసినారు. ఒకసారి వచ్చి చూడండప్పా."

టికెట్టు లేదు. సాయంత్రం ఆఫీసు అయ్యాక పోయాను. నేరుగా వీధి ఆఖరి ఇంటికి నడిచాను. అది నరసింహప్ప ఇల్లు. టమోటా మండీలో బాక్సులు మోస్తాడు. ఆయన కూతురు భాగ్య తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది, ఏడో నెల. అత్తగారిది తొండేభావి. నరసింహప్ప నన్ను చూసి కంగారుగా కుర్చీ తుడిచాడు. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ వెంటనే వాకిట్లోకి పోయి, ఎవరో పిల్లతో "శెట్టి అంగట్లో సోడా తేపో" అంది.

ఇన్నేళ్ళ తర్వాత అదే సోడా.

"సోడా వద్దమ్మా, నీళ్ళు చాలు" అన్నాను. ఆమె కదలలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

లోపలి నుంచి భాగ్య గొంతు వచ్చింది. "ఇయ్యమ్మా. ఆయప్పకు తెలియల్ల కదా." ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. "తాగొద్దండి సార్. వాసన చూడండి చాలు."

చూశాను. చెప్పనక్కర్లేదు, మురుగు. అలాంటి వీధుల్లో ఇళ్ళకు పోయే సన్న గొట్టాలు మురుగు పారే మోరీలోంచే పోతాయి. నీళ్ళు వదిలినప్పుడు చిల్లుల్లోంచి బయటికి చిమ్ముతాయి. వాల్వు కట్టేశాక ఖాళీ గొట్టం అదే చిల్లుల్లోంచి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు ట్యాంకు దగ్గర నీళ్ళు తేటగానే ఉంటాయి, సెన్సారు బ్రహ్మాండం అంటుంది. ఇంట్లో మాత్రం మురుగు వస్తుంది.

"మీరు ఇవే తాగుతాండారా?" అన్నాను.

"శుద్ధ నీళ్ళ మిషను పనిచేస్తే క్యాను తెస్తాము సార్. అది ఒకనాడు ఉంటాది, రెండు నాళ్ళు ఉండదు. ఉండనప్పుడు వడగట్టి కాంచుకుంటాము. మొగం కడుక్కునేది, గిన్నెలు కడిగేది అన్నీ వీటితోనే కదా." తర్వాత భాగ్య నవ్వింది. పదో తరగతి పాసై గార్మెంట్స్‌లో సూపర్‌వైజరు దాకా పోయిన పిల్ల, మాట చురుకు. "నేనే ముందు యాప్‌లో పెట్టినాను సార్. నా నంబరు తొండేభావి అడ్రసుకు ఉండాదంట. మీరు ఈ వార్డు నివాసి కాదు అని వచ్చింది. పుట్టిన ఇంట్లో కూర్చోనుండాను, నివాసి కాదంట! నన్ను కాదంటే పోనీ, నా కడుపులో ఉండేదాన్ని యా వార్డులో రాస్తారో అడగండి."

నాకు నవ్వు రాలేదు. యాప్ చేసినవాడికి తల్లి లేదా? తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదా? ఆ ఊళ్ళో ఏ వీధిలోనైనా అలాంటి పిల్ల ఒకతె ఉంటుంది. మంచి నీళ్ళు అందరికన్నా అవసరమైనది ఆ పిల్లకే. ఆమెను నివాసి కాదన్నారు.

ఒక ఫోను, ఒక వీధి

భాగ్య ఫిర్యాదు పోకపోతే నరసింహప్ప అలవాటు ప్రకారం శెట్టి దగ్గరికి పోయాడు. శెట్టికి కోపం వచ్చింది. వీధిలో ఒక్కో ఇంటినీ పిలిచాడు. ఒక్కో బిందెలో నీళ్ళకు ఫొటో తీశాడు. అంగడి కట్టేసి కూర్చుని అందరి పేర్లతో అందరి ఫిర్యాదులూ తన ఫోన్లోంచే పెట్టాడు. వీధి తరఫున పెద్దమనిషి మాట్లాడినట్టే కదా అనుకున్నాడు. మన ఊళ్ళలో తరతరాలుగా అలాగే జరుగుతుంది.

యంత్రం ఇంకోలా అనుకుంది. ఒకే ఫోను, చాలా పేర్లు, ఒకటే మాటలు. ఎవరో దొంగ ఫిర్యాదులు పుట్టిస్తున్నారని తీర్మానించి, శెట్టి నంబరును కట్టేసి, అన్నిటినీ తుడిచేసింది. ఫిర్యాదులు పోయాయి కాబట్టి గోడ మీద ఆ వీధి పచ్చబడింది.

నేను మర్నాడు పొద్దున్నే మా చీఫ్ ఆఫీసరు గదికి పోయాను. ఆయన టీవీ వైపు చూపించాడు. "ఆ వీధి గ్రీన్ ఉంది కదండీ."

"సార్, నేను స్వయంగా వాసన చూసి వచ్చాను."

"మీ ముక్కుకు టికెట్టు నంబరు ఉందా?" అని నవ్వాడు. నవ్వి, కొంచెం మెత్తబడ్డాడు. "కోప్పడకండి. టికెట్టు లేకుండా పని చేయిస్తే రేపు ఆడిట్లో నేను నిలబడాలి. కాంట్రాక్టరు కూడా మనిషిని పంపడు. యాప్‌లో పెట్టించండి, ఈ పూటే చేయిస్తాను."

నా ఫోన్లోంచి పెట్టబోయాను. సిబ్బంది నంబర్లకు ఫిర్యాదు పెట్టే వీలు లేదంది. శెట్టి ఫోను విడిపించమని బెంగుళూరుకు మెయిలు పెట్టాను. పరిశీలనలో ఉంది అని జవాబు. మళ్ళీ పెట్టాను. పరిశీలనలో ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

అప్పుడు నేను శెట్టితో చెప్పాను. "నంజుండప్పా, ఇవన్నీ వదిలెయ్. ఆడవాళ్ళను బిందెలు తీసుకుని రమ్మను. ఆ గ్రానైట్ మెట్ల మీద వాయించమను. నేను లోపలే ఉంటాను."

శెట్టి ఒప్పుకోలేదు. "వస్తారనుకోనప్పా. ఇంగ బిందెలతో రావొద్దని మైకులో చెప్పినారు కదా. వస్తే గలాటా చేసినారని కేసు పెడతారని భయపడతాండారు. దొంగ దూర్లు, అదే ఫిర్యాదులు, పెట్టినారని నా ఫోను కట్టేసినాక ఆ భయం ఇంగా ఎక్కువైంది."

ఎవరూ రాలేదు.

ఇదీ నా కడుపుమంట. యాప్ పనిచేయలేదని కాదు, యంత్రమన్నాక చెడుతుంది, బాగుచేసుకుంటాం. జనం చేతిలో ఉన్న బిందెను మనం లాక్కున్నాం. దానికి బదులు వాళ్ళ చెయ్యి తిరగనిది ఒకటి ఇచ్చాం. ఇచ్చి దానికి భాగస్వామ్యం అని పేరు పెట్టాం. వరండాలో నన్ను తిట్టిన చింతామణి ఆడమనిషికి ఉన్న హక్కు ఈ వీధిలో ఒక్కరికీ మిగల్లేదు.

ఒక్క పూట పని

భాగ్యకు జ్వరం వచ్చింది. అన్నం సయించలేదు. కళ్ళు పచ్చబడ్డాయి. ఊళ్ళో డాక్టరు చూసి, ఇవి నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు, కడుపుతో ఉన్నవాళ్ళకు చాలా ప్రమాదం అని బెంగుళూరు పెద్దాసుపత్రికి పంపాడు. ఆరోగ్యశాఖకు కూడా కబురు పంపాడు. అక్కడి నుంచి మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది.

అప్పుడు టికెట్టు ఎవరూ అడగలేదు. చీఫ్ ఆఫీసరే ఎండలో నిలబడ్డాడు. మోరీ తవ్వితే గొట్టం జల్లెడలా ఉంది. చేత్తో పట్టుకుంటే పెచ్చులు ఊడి వచ్చింది. లైను మొత్తం మోరీలోంచి తప్పించి గోడవారగా వేయాలని నేను మొత్తుకున్నాను. ఎస్టిమేట్ పంపుదాం, ఇప్పటికి అతుకు వేద్దాం అన్నారు. రబ్బరు చుట్టి, క్లాంపు బిగించి, ఫొటో తీసి, మట్టి కప్పారు. మొత్తం ఒక్క పూట పని. నేను మొదట అడిగిన రోజు కూడా అది ఒక్క పూట పనే.

భాగ్య బతికింది. బిడ్డ బతకలేదు.

ఆ పిల్ల అడిగిన ప్రశ్న నా చెవుల్లో ఉండిపోయింది. ఏ వార్డులోనూ రాయనక్కర్లేకుండా పోయింది.

నేను ఆ రోజు చీఫ్ ఆఫీసరు గదిలో అరిచిన అరుపులు ఇక్కడ రాయలేను. రామకృష్ణప్ప గారిలా గొంతు తగ్గించడం నాకు రాలేదు. చీఫ్ ఆఫీసరు తల దించుకుని విన్నాడు. చివరికి "సిస్టమ్‌లో లేదు కదండీ" అన్నాడు. దుర్మార్గుడు కాదు. ఇంట్లో పిల్లలున్నవాడే. అది చూసే నాకు ఇంకా భయం వేసింది. దుర్మార్గుడైతే పేరు పెట్టి తిట్టుకోవచ్చు. ఈయన రోజూ స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, ఆఫీసుకు వచ్చి, పచ్చరంగు చూసి సంతకం పెట్టేవాడు.

నక్షత్రాలు

రిటైరయ్యాక ఒక పొద్దున శెట్టి అంగడి ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాను. నరసింహప్ప బెల్లం కోసం వచ్చాడు. మనిషి సగమైపోయాడు. కూతురు ఇంకా ఇక్కడే ఉంది, ఒంట్లో సత్తువ వచ్చాక తొండేభావికి పంపుతామన్నాడు. అంతలో శెట్టి ఫోను మోగింది. ఆయన చూసి, ముఖం గంటు పెట్టుకుని ఫోను బోర్లించాడు.

"ఏమంటా ఉండాదప్పా?" అన్నాడు నరసింహప్ప.

"ఏంలేదులే."

"మునిసిపాలిటీదేనా?"

శెట్టి నా వైపు చూశాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. "నీ ఇంటి దూరు తీరిపోయిందంటప్పా. పని ఎట్లా చేసినారని అడుగుతాండారు. నక్షత్రాలు ఇయ్యల్లంట." నీళ్ళ కంపు గురించి నరసింహప్ప పేరున శెట్టి ఎప్పుడో పెట్టిన ఫిర్యాదది. బెంగుళూరులో పరిశీలన అప్పటికి అయి, కట్టేసిన నంబరూ తుడిచేసిన ఫిర్యాదులూ తిరిగొచ్చాయి.

నాకు లేచి ఆ ఫోనును మోరీలో పడేయాలనిపించింది. "ఒక్కటి కూడా ఇవ్వొద్దు నంజుండప్పా" అన్నాను. "రాయడానికి చోటుంటే నేను చెప్తాను, రాయి."

నరసింహప్ప బెల్లం పొట్లం చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు. నాకు కాదు, ఫోనుకు.

"వద్దు సారూ. మీ కోపం మాకు తెలుసు. మీరు ఇంగ ఆఫీసులో లేరు, మేము ఈ వీధిలోనే ఉండల్ల. వాళ్ళకు కోపమొచ్చి నీళ్ళు నిలిపేస్తే ఏమి చేసేది? ఎన్ని నక్షత్రాలు ఉండాయప్పా?"

"అయిదు."

"అయిదూ ఇచ్చెయ్యప్పా. బాగా చేసినారని చెప్పు."

శెట్టి కదలలేదు. నరసింహప్పే వేలు చాపి, "యాడ నొక్కల్ల?" అని అడిగాడు. శెట్టి కళ్ళు తుడుచుకుని చూపించాడు. బాక్సులు మోసి మొద్దుబారిన వేలికి తెర ఒకసారికి పలకలేదు. మళ్ళీ నొక్కాడు. అయిదు నక్షత్రాలూ వెలిగాయి. ధన్యవాదాలు అని వచ్చింది.

పిల్లలూ, మీరు రేపు ఏ ఆఫీసులోనో ఆ గోడంత టీవీ ముందు కూర్చుంటారు. అందులో సంతృప్తి చెందిన పౌరుల లెక్క కనబడుతుంది. ఆ లెక్కలో బిడ్డను పోగొట్టుకున్న ఇంటివాళ్ళు కూడా ఉన్నారు. బాగేపల్లి పక్క ముసలామె నాకు ఎప్పుడో చెప్పింది ఇదే. ఆమెకు కనీసం నేను రెండోసారి ఎదురుగా పోయి నిలబడ్డాను. నరసింహప్ప ఎదురుగా ఆఫీసు తరఫున ఫోను తప్ప ఎవరూ నిలబడలేదు.

ఆయన వెంటే ఆఖరి ఇంటిదాకా నడిచాను. ఉద్యోగం లేదు, టికెట్టు లేదు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. భాగ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. చురుకు మాటలు ఏమీ లేవు. నరసింహప్ప అదే కుర్చీ తుడిచి వేశాడు.

"నీళ్ళిస్తావా అమ్మా" అన్నాను లక్ష్మీదేవమ్మతో.

ఆమె లోపలికి పోయి చాలాసేపు రాలేదు. బిందె మూత తీసి మళ్ళీ పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత పెరటి తలుపు తీసుకుని ఎటో పోయింది. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో సోడా సీసా ఉంది.